ఎవరి వైపు నుంచి లెక్క

బెజవాడ,
7-7-1946

పూజ్యులు శివపార్వతి అత్తయ్య గారికి మేనల్లుడు రామలింగం నమస్కరించి రాసుకున్నది. నేను క్షేమం. అక్కడ మీరు, మామయ్య, మగ్గాలు క్షేమమని తలుస్తాను.

కాలేజీలో చేరాక ఇదే మొదటి ఉత్తరం కాబట్టి చదువు గురించి రాయాలి. రాయను. చదరంగం గురించి రాస్తాను, ఎందుకంటే మీ పరువు తీసి వచ్చాను.

గవర్నరుపేటలో ఒక మందుల షాపు మేడమీద చెస్ క్లబ్బు పెట్టారు. సెక్రటరీ తిరుపతిరావు గారని ప్లీడరు. పెడనలో మా మేనత్త దగ్గర ఆట నేర్చుకున్నానని గొప్పగా చెప్పి ఆయన ఎదురుగా కూర్చున్నాను. మొదటి ఎత్తుకే ఆయన బంటును రెండు గడులు తోశారు. తప్పండీ అన్నాను. అందరూ నవ్వారు. కాసేపటికి రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదిపారు. మళ్ళీ తప్పండీ అన్నాను, మళ్ళీ నవ్వారు. తెప్పించిన కాఫీ చల్లారక ముందే నా ఆట కట్టేశారు. "మీ ఊళ్ళో ఆడేది చదరంగం కాదబ్బాయ్, అష్టాచెమ్మాకు అన్నగారు" అన్నారు.

ఇది ఇంగ్లీషు వాళ్ళ పద్ధతట. ప్రపంచమంతా ఇలాగే ఆడుతుందట. క్లబ్బు బీరువాలో దీని మీద ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది. ఇంటికి ఇవ్వరు. అక్కడే కూర్చుని ఒక్కొక్క ఆట తెలుగులోకి దించి మీకు పంపుతాను. మొదటి ఆట ఈ కవరులో పెట్టాను, రూల్సు వేరే కాయితం మీద రాశాను. గడుల వరసలు తెల్లకాయల వైపు నుంచి ఒకటి, రెండు అని ఎనిమిది దాకా లెక్కపెట్టుకోండి. తిరుపతిరావు గారి నోరు మూయించే ఉపాయం మీరే చెప్పాలి.

మీ రామలింగం

*

పెడన,
16-7-1946

చిరంజీవి రామలింగానికి మేనత్త దీవెనలు.

మగ్గాలు క్షేమంగానే ఉన్నాయి, నూలే లేదు. డిపో దగ్గర పొద్దున నిలబడితే సాయంత్రం ఇస్తామంటారు, సాయంత్రం వెళితే రేపంటారు. పని లేక మీ మామయ్య అరుగు మీద చదరంగం పలక పెట్టి పెడన అంతటినీ ఓడిస్తున్నారు. అరుగు మీద ఆయన గెలిచే ఎత్తులన్నీ ముందు లోపల నా దగ్గర ఓడి నేర్చుకున్నవేనని నీకూ తెలుసు, నాకూ తెలుసు. వీధికి తెలియదు.

నీ కాయితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. తెల్ల రాజు ముందు బంటు నాలుగో వరసకి అన్నావు. మన పద్ధతిలో బంటుకు ఒకటే అడుగు అయినా, సరే, నీ రూల్సు ప్రకారం ముక్కు మూసుకుని వేశాను. నల్ల రాజు ముందు బంటు కూడా నాలుగో వరసకి అన్నావు. అంటే తెల్లబంటు నిలబడ్డ గడిలోకే. అంటే నల్లబంటు మూడు గడులు గెంతి వచ్చి, ఎదురుగా ఉన్నవాణ్ణి చంపి, వాడి చోట్లో కూర్చుందన్నమాట. బంటు ఎదురుగా ఉన్నదాన్ని చంపదని మన వీధిలో ముక్కు కారే పిల్లలకు కూడా తెలుసు. ఆ తర్వాతి ఎత్తుకు నల్లగుర్రం ఊరంతా దాటుకొచ్చి నా గుమ్మంలో నిలబడింది. ఇది ఆట కాదు, జాతర. రాసినవాడు తాగి అయినా ఉండాలి, మనల్ని వెక్కిరించడానికైనా రాసి ఉండాలి.

ఇంకొకటి. మన ఆటలో బంటు చివరి వరస చేరితే ఎవరి ఇంట్లో అడుగుపెడితే ఆ కాయ అవుతుంది. ఏనుగు ఇల్లు చేరినది ఏనుగు, గుర్రం ఇల్లు చేరినది గుర్రం. నీ రూల్సులో ఏది కావాలంటే అది అయిపోవచ్చట. అలా అయితే అందరూ మంత్రులే అవుతారు, ఇక గుర్రాల్ని ఎవరు తోలుతారు? ఇలాంటివి ఇక పంపకు.

మన ఆటను అన్నగారన్న ఆ ప్లీడరుతో చెప్పు, అష్టాచెమ్మాలో కూడా నా ముందు ఎవరూ నిలవలేదని.

మేనత్త

*

బెజవాడ,
30-7-1946

అత్తయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి బాధపడ్డాను. పుస్తకం లండనులో అచ్చయింది. అందులో తప్పులుంటాయా? నేను పలక మీద వేసి చూడలేదు గానీ ఒక్క మాట కూడా వదలకుండా దించాను. ఏళ్ళ తరబడి ఒక పద్ధతికి అలవాటు పడ్డాక, మీ వయసులో కొత్త పద్ధతి పట్టుబడటం కష్టమేనని తిరుపతిరావు గారు కూడా అన్నారు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను. ఇక పంపను.

క్లబ్బుకు కొండపల్లి నుంచి కొత్త కాయలు చేయించారు. గుర్రాల మెడలు ఎంత బాగున్నాయో చెప్పలేను. దీపావళి వెళ్ళాక జిల్లా పోటీ పెడుతున్నారు. జిల్లాలో ఎవరైనా పేరు వేయించుకోవచ్చట. నేను మటుకు ఆడను, చూస్తాను.

రామలింగం

*

పెడన,
10-8-1946

రామలింగానికి,

నా వయసు సంగతి నిన్నూ ఆ ప్లీడరునూ ఎవరడిగారు? దీవెనలు చివర్లో ఇస్తాను, ముందు ఇది చదువు.

నిన్న పక్కింటి బుల్లెమ్మా నేనూ సొసైటీకి పంపాల్సిన చీరలు మడత పెడుతున్నాం. ఆ కొసన ఆమె, ఈ కొసన నేను. ఒకచోట మరక కనబడింది. మూడో మూరలో ఉందని ఆమె అంటుంది, కాదు, చివర్లో ఉందని నేనంటాను. కాసేపు కీచులాడుకున్నాక తేలింది, ఎవరి చేతి నుంచి వాళ్ళం లెక్కపెడుతున్నాం. చీర అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తాను. నాకు పూనకం వచ్చిందనుకుంది బుల్లెమ్మ.

పుస్తకం తాగలేదు నాయనా. వరసలు తెల్లకాయల వైపు నుంచే లెక్కపెట్టమని రాశావే, అది పుస్తకంలో ఉన్న మాటా, నీ సొంత తెలివా? అందులో తెల్లవాడు తన వైపు నుంచి, నల్లవాడు తన వైపు నుంచి లెక్కపెట్టుకుంటున్నారు. తెల్ల ఎత్తు ఇటు కూర్చుని వేశాను, నల్ల ఎత్తు అటు వెళ్ళి కూర్చుని వేశాను. ఏ బంటూ గెంతలేదు. ఏ గుర్రమూ నా గుమ్మంలోకి రాలేదు.

ఆ పైన ఏం జరిగిందో చూశావా? చూసి ఉండవులే, నువ్వు దించడమే తప్ప వేయలేదు కదా. తెల్లవాడు తన మంత్రిని చంపుకోమని వదిలేశాడు. నల్లవాడు ఆశపడి చంపాడు. అంతే, రెండు గుర్రాలూ ఒక ఒంటెతో చేరి నల్లరాజుకు ఊపిరాడకుండా చేశాయి. నేను మళ్ళీ మళ్ళీ వేసి చూసుకున్నాను. సంతోషంతో కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఇన్నేళ్ళూ మంత్రిని కాపాడుకోవడమే ఆట అనుకున్నాను.

బంటు రెండడుగులు ఎందుకు వేస్తుందో కూడా ఇప్పుడు తెలిసింది. మనం ముందు ఇల్లు చక్కబెట్టుకుని, తలుపులు బిగించుకుని, తీరుబడిగా వీధిలోకి వస్తాం. వీళ్ళు మొదటి ఎత్తుకే వీధి మధ్యలో నిలబడతారు. నడుమనున్న ఆ నాలుగు గడులూ ఎవరి చేతిలో ఉంటే ఆట వాళ్ళది. ఈ సంగతి నాకు ఇంత ఆలస్యంగా తెలిసినందుకు కోపంగా ఉంది. ఎవరి మీద కోపమో ఇంకా తేలలేదు.

పంపకు అన్న మాట వెనక్కి తీసుకోను. నువ్వు మాత్రం పంపు.

పోటీ అన్నావు కదా. ఈ ఇంటి నుంచి ఒక పేరు వేయించు. ఎవరి పేరో విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను.

దీవెనలు.
మేనత్త

*

బెజవాడ,
6-10-1946

అత్తయ్య గారికి నమస్కారాలు.

లెక్క తప్పు నాదే. పుస్తకం మొదటి పేజీలోనే ఆ సంగతి ఉంది. నేను రెండో పేజీ నుంచి మొదలుపెట్టాను. ఈ రెండు నెలల్లో పంపిన ఆటల మీద మీరు రాసినవి నేను క్లబ్బులో వాడుకుంటున్నాను. మొన్న ఒకాయన్ని ఓడించాను కూడా.

శుభవార్త. పోటీ నవంబరు పదో తేదీ ఆదివారం. పేరు వేయించాను. మీరు మామయ్య పేరు నోటితో అనరు, కలంతో రాయరు. అందుకే విడమరిచి చెప్పక్కర్లేదన్నారని వెంటనే గ్రహించాను. "పెడన ఆదిశేషయ్య గారు" అని బోర్డు మీద పెద్దక్షరాలతో రాశారు. మొదటి ఆటే తిరుపతిరావు గారితో పడింది. మామయ్యకు వేరే కార్డు రాశాను, ఈపాటికి అంది ఉంటుంది. కొత్త పద్ధతి మీరు దగ్గరుండి నేర్పితే ఆయనకు తిరుగుండదు.

రామలింగం

*

పెడన,
14-10-1946

రామలింగానికి,

నేను చెప్పిన పేరు ఆయనది కాదురా. నాది.

పుస్తకం ఎవరు చదివారు? మంత్రిని వదులుకోవడం ఎవరు నేర్చుకున్నారు? రెండు నెలలుగా నీకు ఎవరు రాస్తున్నారు? నేను నోరు తెరిచి చెప్పని పేరు ఒక్క మొగుడిదే అయి ఉంటుందనుకున్నావు. తన పేరు తాను చెప్పుకోవడానికి కూడా మొహమాటపడే ఆడది ఉంటుందని నీకు తట్టలేదు. నాకు మాత్రం ఏం తట్టింది, ఆ అయిదక్షరాలూ రాసి పారేస్తే పోయేది.

ఇక ఇక్కడి సంగతి విను. నీ కార్డు పట్టుకుని మీ మామయ్య మగ్గం మగ్గానికీ తిరిగారు. చౌడయ్య గారు, నీకు తెలుసుగా, నేతపనివాళ్ళలో పెద్దాయన, దండ తెచ్చి వేశారు. నూలు లేక ఊరంతా మొహాలు వేలాడేసుకుని ఉన్న రోజుల్లో పెడన పేరు బెజవాడలో బోర్డు మీద ఉందని అందరికీ పండగ్గా ఉంది. ఆయన సాయంత్రం లోపలికి వచ్చి, పాతికేళ్ళలో మొదటిసారి, "నాకు ఆ ఇంగ్లీషు ఆట నేర్పవే" అన్నారు. నేర్పుతున్నాను. మంచి ఆటగాడే. కానీ బంటును రెండడుగులు వేయమంటే చెయ్యి రాదు. మంత్రిని వదలమంటే కంచంలో ముద్ద లాక్కున్నట్టు చూస్తారు.

ఏం చేయాలో నువ్వు చెప్పకు. నేనే ఆలోచిస్తున్నాను.

మేనత్త

*

బెజవాడ,
21-10-1946

అత్తయ్య గారికి,

పొరపాటు నాదే, కాళ్ళు పట్టుకుంటాను. అయినా చెప్పవద్దన్న మాటే చెబుతున్నాను. ఊరుకోండి. క్లబ్బులో ఆడవాళ్ళు లేరు. ఆ మెట్లు ఇంతవరకు ఏ ఆడమనిషీ ఎక్కలేదు. పేరు మార్చమని తిరుపతిరావు గారిని అడగబోతే, మీ మేనత్త ఆడతారా అని గదంతా వినబడేలా అడిగారు. నవ్వులాటకన్నానని చెప్పి బయటపడ్డాను. మామయ్య వచ్చి ఓడిపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. మీరు వస్తే గెలిచినా అనుకుంటారు. పైగా దండ వేయించుకున్న మనిషి రేపు వీధిలో ఎలా తిరుగుతారు? మీ ఆట ఎంతటిదో నాకు తెలుసు. అది చాలదా?

రామలింగం

*

పెడన,
4-11-1946

రామలింగానికి,

చాలదు.

నా ఆట ఎంతటిదో నీకు తెలుసు, మీ మామయ్యకు తెలుసు, వంటింటి గోడలకు తెలుసు. ఇన్నాళ్ళూ అదే చాలనుకున్నాను. నవ్వులాటకన్నానని చెప్పావట. నేను నవ్వులాటకు రాయలేదు.

నిన్న ఆయనతో చెప్పేశాను. ఆ పేరు నాదని, పొరపాటున మీదయిందని, వెళ్ళేది నేనని. ఆయన, "లోపల ఎంతైనా ఆడు, ఎన్నిసార్లైనా గెలువు. నేనెప్పుడైనా కాదన్నానా?" అన్నారు. అనలేదు. అది నిజం. "నలుగురిలో నన్ను చిన్నబుచ్చుతావా?" అన్నారు. "మీరు చిన్నబోకుండా ఉండాలంటే నేను దాక్కునే ఉండాలా?" అన్నాను. అన్నం తిన్నారు, నాతో మాట మానేశారు. చౌడయ్య గారు ప్రయాణం ఎప్పుడని అడిగితే ఒంట్లో బాగాలేదన్నారు. ఆయన మొహం నేను చూడలేకపోతున్నాను. అయినా వస్తున్నాను.

ఆదివారం పొద్దున్నే బందరు పాసింజరు ఎక్కుతాను. మిషను ఆసుపత్రిలో మంత్రసాని తెరేసమ్మ బెజవాడ వస్తోంది, తోడు ఉంటుంది. నువ్వు స్టేషనుకు వస్తే సరి. రాకపోతే గవర్నరుపేట ఎక్కడని అడుక్కుంటూ వస్తాను. నోరుంది, కాళ్ళున్నాయి.

మేనత్త

*

బెజవాడ,
11-11-1946

అత్తయ్య గారికి రామలింగం నమస్కారాలు, ఈసారి నిజంగా వంగి పెడుతున్నవి.

ఆట అవగానే మీరు బండి వేళయిందని వెళ్ళిపోయారు. తలుపు దగ్గర నిలబడి నేను చూసింది మీకు చెప్పనే లేదు. "ఆదిశేషయ్య గారెక్కడ?" అని తిరుపతిరావు గారు అడిగారు. మీరు తల వంచుకుంటారనుకున్నాను. "ఆదిశేషయ్య గారు నా భర్త. ఆయన రాలేదు. ఆ పేరు కొట్టేసి శివపార్వతి అని రాయండి" అన్నారు. మీ నోట మామయ్య పేరు వినడం నా జన్మలో మొదటిసారి. తిరుపతిరావు గారు బోర్డు మీద పేరు మార్చలేదు. సరదాగా ఒక ఆట వేద్దాం రండమ్మా అని కూర్చున్నారు.

ఆ ఆటలో ఆయన సరదా ఎక్కడ పోయిందో నాకు తెలుసు. మీ బంటు చివరి వరసలో గుర్రం గడి చేరింది. ఆయన నవ్వి, చచ్చిన తెల్లమంత్రిని తీసి మీ చేతికి అందించారు. మీరు దాన్ని పక్కన పెట్టి, "గుర్రం ఇప్పించండి" అన్నారు. ఆయన ఇంకా నవ్వుతూనే ఇచ్చారు. మీరు ఆ గుర్రాన్ని గడిలో పెట్టాక నవ్వు ఆగింది. ఆయన రాజుకు వెళ్ళడానికి చోటు లేదు. మంత్రిని తీసుకుని ఉంటే మరుసటి ఎత్తుకు మన రాజే పడేది. బంటు అంటే మంత్రే అవుతుందని క్లబ్బులో అందరికీ అలవాటు. గుర్రం ఇంట్లో గుర్రమే పుడుతుందని మీకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

ఇక కోపం తెప్పించే సంగతి. మీరు వెళ్ళాక కమిటీ కూర్చుంది. బోర్డు మీద పేరున్న మనిషి రాలేదు కనుక తిరుపతిరావు గారు గెలిచినట్టు రాశారు. నేను గట్టిగా అరిచాను. చివరికి వాళ్ళు ఒక దారి చెప్పారు. ఆడింది ఆదిశేషయ్య గారేనని మీరు ఒప్పుకుని రాసిస్తే గెలుపు ఆయన పేర వేస్తారట. తర్వాతి ఆటకు మామయ్యే రావచ్చు. ఊళ్ళో మామయ్య తల ఎత్తుకు తిరగొచ్చు. మీకు ఊరుకొమ్మని చెప్పే నోరు నాకు ఇక లేదు. ఏం చెప్పమంటారో రాయండి.

రామలింగం

*

పెడన,
17-11-1946

చిరంజీవి రామలింగానికి మేనత్త మనసారా దీవెనలు.

నీ ఉత్తరం వచ్చేసరికి మీ మామయ్య నాతో మాట్లాడటం మానేసి రెండు వారాలు కావస్తోంది. పలక కూడా అరుగు మీదకు తీయడం లేదు. ఆ ఉత్తరం నేను దాచలేదు. ఆయన ముందు కూర్చుని మొత్తం చదివాను, కమిటీ మాటతో సహా. ఆయన మొహంలో కాస్త ఆశ కనిపించింది. నేను చూడనట్టు ఊరుకోలేదు. "నేను ఒప్పుకోను. ఆ గెలుపు నాది. ఇన్నాళ్ళూ లోపల నేర్పి బయట మీకిచ్చాను, ఇది ఇవ్వను. మీకు గెలుపు కావాలంటే ఆడి సంపాదించుకోండి" అన్నాను.

ఆయన లేచి వెళ్ళిపోయారు.

ఇవాళ పొద్దున అరుగు మీద మాటలు వినబడ్డాయి. చౌడయ్య గారు, ఇంకా నలుగురైదుగురు. ఎవరో బెజవాడ వెళ్ళి వచ్చి సంగతి మోసుకొచ్చినట్టున్నారు. చౌడయ్య గారు నెమ్మదిగా, "ఏమయ్యా, మీ ఆవిడ ప్లీడరును ఓడించిందటగా, నిజమేనా?" అన్నారు. నేను తలుపు వెనకే ఉన్నాను. మీ మామయ్య ఏమంటారోనని తలుపుకు చెవి ఆనించాను. ఆయన "నిజమే" అన్నారు. తర్వాత లోపలికి వినబడేలా, "పలక తీసుకురా. ఆ ఆట వేసి చూపించు" అన్నారు.

తీసుకొచ్చాను. తలుపు దగ్గర పెట్టి వెనక్కి పోలేదు, అరుగు మీదే కూర్చున్నాను. చౌడయ్య గారు కొంచెం పక్కకు జరిగి వీధివైపు చూశారు, కాసేపటికి మళ్ళీ పలకవైపే చూశారు. ఆట మొత్తం వేసి చూపించాను. గుర్రం దగ్గరకు వచ్చేసరికి అందరూ దగ్గరికి జరిగారు. మీ మామయ్య మాత్రం, "ప్లీడరు తెలివితక్కువగా ఆడాడు, నేనైతే అక్కడ ఒంటెను కదిపేవాణ్ణి" అన్నారు. "అయితే కదపండి" అన్నాను. ఆడాం. అరుగు మీద, పట్టపగలు, అందరి ముందూ ఆయన ఓడిపోయారు. ఆయన కాయలన్నీ మళ్ళీ ఇళ్ళల్లో సర్దారు.

క్లబ్బు వాళ్ళకు నా జవాబు ఇది. ఆడింది నేను. రాసుకుంటే శివపార్వతి అని రాసుకోమను, లేకపోతే ఖాళీగా వదిలెయ్యమను. తిరుపతిరావు గారికి మనసు తీరకపోతే పాసింజరు ఎక్కి పెడన రమ్మను, అరుగు మీద చోటుంది.

అరుగు మీదే కూర్చుని ఇది రాస్తున్నాను, ఇక ఆపుతాను. మీ మామయ్య తెల్లకాయలు తీసుకుని, రాజు ముందు బంటును తోశారు. రెండు గడులు. తోసి, నేను రాయడం ఎప్పుడు ఆపుతానా అని చూస్తున్నారు. వీధంతా చూస్తోంది. ఎత్తు నాది.

శివపార్వతి